45 మెగాపిక్సెల్ లేనివాడు ఫొటోగ్రాఫరే కాదా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "పోర్ట్రెయిట్, ఫ్యాషన్, స్టేజీ ప్రోగ్రాం, మూడింటికీ జవాబు ఒక్కటే. 45 మెగాపిక్సెల్‌కు తగ్గని ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ. ఐఎస్ఓ లక్ష దాటాలి. సైలెంట్ షట్టర్ ఉంటే కచేరీకి తిరుగులేదు. ముందు బాడీ కొనండి, లెన్సు తర్వాత చూసుకోవచ్చు. ఇది లేనివాడు ప్రొఫెషనల్ కాదు." కొత్తవాళ్ల కోసం ఒక మాట: బాడీ అంటే లెన్సు లేని కెమెరా. మెగాపిక్సెల్ అంటే ఫొటోలో పది లక్షల చుక్కలు. ఫుల్ ఫ్రేమ్ అంటే పెద్ద సెన్సర్, అంటే వెలుతురుని బొమ్మగా మార్చే పలక. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరా. ఐఎస్ఓ అంటే తక్కువ వెలుతురులో కెమెరా ఫొటోని ఎంత పెంచి చూపగలదో చెప్పే అంకె. సైలెంట్ షట్టర్ అంటే చప్పుడు లేకుండా తీసే పద్ధతి.

పోయిన వారం పర్లాకిమిడి నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఫైనాన్స్ ఓకే అయింది. తక్కువ పడినదానికి అమ్మ గాజులు పెడుతున్నాం. బాడీ తీసేస్తాను, కిట్ లెన్సు ఎలాగూ వస్తుంది కదా" అన్నాడు. వాడికి ఈ మెసేజే గురువు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నవాణ్ణి. వాడికి ఫోన్లో చెప్పింది అందరికీ చెప్పాలనిపించి రాస్తున్నాను.

"ముందు బాడీ, లెన్సు తర్వాత" అన్న మాటతో మొదలుపెడతాను. మొత్తం మెసేజ్‌లో ఎక్కువమందిని ముంచేది అదే. బాడీతోపాటు వచ్చే కిట్ లెన్సు జూమ్ చేసేసరికి అపెర్చర్ (వెలుతురు వచ్చే కన్నం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) సాధారణంగా ఎఫ్ 5.6కి పడిపోతుంది. ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు దానికి దాదాపు 10 రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. ఇప్పుడు సెన్సర్ల సంగతి చూడండి. ఫుల్ ఫ్రేమ్ 36 × 24 మిల్లీమీటర్లు. చిన్న సెన్సర్ ఉండే క్రాప్ బాడీల్లో సుమారు 23.5 × 15.6. విస్తీర్ణంలో తేడా రెండున్నర రెట్లు కూడా లేదు. అంటే క్రాప్ బాడీకి 1.8 లెన్సు తగిలించినవాడు, ఫుల్ ఫ్రేమ్‌కి కిట్ లెన్సు తగిలించినవాడికంటే నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురుతో పని చేస్తున్నాడు. పైగా బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది. నేను 2009లో కొన్న 85 మిల్లీమీటర్ల లెన్సు ఇప్పటికీ సంచిలోనే ఉంది. మన సముద్రపు గాలికి ఫంగస్ పట్టకుండా మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకుంటున్నాను, అంతే.

ఇక 45 మెగాపిక్సెల్. 4 × 6 ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన కావలసింది 2 మెగాపిక్సెల్ చిల్లర. 12 × 18 ప్రింటుకి 19 చిల్లర. 24 మెగాపిక్సెల్ బాడీ 6000 × 4000 చుక్కలు ఇస్తుంది, ఆ సైజుకి నిక్షేపంగా సరిపోతుంది. ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీకి ఇంకా ఎక్కువ కావాలంటారు కొందరు. ఫ్లెక్సీని ఎవరూ ముక్కు ఆనించి చూడరు, రోడ్డుకి అవతల నుంచి చూస్తారు. దానికి చుక్కలు అంత దగ్గరగా ఉండక్కర్లేదు. మరోపక్క ఫైళ్ల బరువు లెక్కేసుకోండి. 45 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా దాచే ముడి ఫొటో) ఒక్కోటి దాదాపు 50 ఎంబీ. ఒక మెలోడీ నైట్‌లో (స్టేజీ మీద పాటల కచేరీ) 1500 ఫొటోలు తీస్తే 75 జీబీ. తెల్లారేసరికి ఫొటోలు కావాలని కమిటీవాళ్లు తలుపు కొడుతుంటే మన పాత కంప్యూటర్ ఆ ఫైళ్లు తెరవడానికే ఆపసోపాలు పడుతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చీరల కేటలాగ్ పని చేసేవాళ్లకు 45 నిజంగా పనికొస్తుంది. బరంపురం పట్టు అంచు మీద గుడి గోపురాల్లా వరసగా కుంభాలు ఉంటాయి. ఒకే ఫొటోలోంచి మోడల్ నిండు బొమ్మా, అంచు క్లోజప్పూ రెండూ కత్తిరించి ఇవ్వాలంటే ఎక్కువ చుక్కలు ఉంటేనే హాయి. అయితే సన్నటి నేత మీద, బట్టలో లేని రంగుల అలలు ఫొటోలో కనిపించే జబ్బు కూడా ఒకటుంది. దాన్ని ఆపే ఫిల్టర్ చాలా కొత్త బాడీల సెన్సర్ మీద ఉండదు. ఒక అడుగు వెనక్కో ముందుకో జరిగి తీసి, అక్కడికక్కడే జూమ్ చేసి చూసుకోండి. ఇంటికొచ్చాక చూస్తే చీర మడత పెట్టేసి ఉంటుంది.

"ఫుల్ ఫ్రేమ్ లేనిదే పోర్ట్రెయిట్ రాదు" అన్నది సగం నిజం. అదే ఫ్రేమింగ్‌కి, అదే ఎఫ్ నంబర్‌కి ఫుల్ ఫ్రేమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఇంకొంచెం బ్లర్ అవుతుంది, కాదనను. కానీ ఎంత బ్లర్ కావాలి మనకి? 85 లెన్సు, ఎఫ్ 1.8, మనిషి రెండు మీటర్ల దూరంలో ఉంటే ఫుల్ ఫ్రేమ్‌లో షార్ప్‌గా ఉండేది ముందూ వెనకా కలిపి 6 సెంటీమీటర్లు. పెళ్లికూతురు కొంచెం పక్కకి తిరిగితే ఒక కన్ను షార్ప్, రెండోది మెత్తన. చెవి దుద్దు పోతుంది. మొదట్లో నేను ఇలాంటి ఫొటోలు మురిసిపోయి ఆల్బమ్‌లో పెట్టేవాణ్ణి. ఒక పెద్దావిడ చూసి "నాయనా, యాభై వేలు పోసి చేయించిన జడబిళ్ల ఏదీ?" అని అడిగింది. ఫ్యాషన్‌లో అయితే మరీను. చీర కుచ్చిళ్ల నుంచి కొంగు దాకా కనబడాలి కాబట్టి ఫ్లాష్ పెట్టి ఎఫ్ 8 దగ్గర తీస్తాం. అక్కడ ఫుల్ ఫ్రేమ్ బ్లర్‌తో పనే లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి ఒక మంచి ఫ్లాషూ, పెద్ద సాఫ్ట్‌బాక్సూ, గట్టి స్టాండూ కొంటే ఫొటో మారుతుంది. మనిషిని గోడకి ఆనించకుండా ఆరడుగులు ముందుకి నిలబెడితే ఖర్చు లేకుండానే గోడ మెత్తబడుతుంది.

ఐఎస్ఓ లక్ష సంగతి ఎక్కువ సాగదీయను. 2016లో వచ్చిన నికాన్ డీ5కి పొడిగింపుతో కలిపి ఐఎస్ఓ 32,80,000 దాకా ఉంది. దాని అసలు పరిధి మాత్రం 1,02,400తో ఆగిపోతుంది. ఆ 32 లక్షల అంకెతో తీసిన ఫొటో ఎవరూ ఆల్బమ్‌లో పెట్టరు. బాడీ చూసేటప్పుడు అడగాల్సింది పై అంకె కాదు. 3200, 6400 దగ్గర మొహం చర్మం ఎలా ఉందో చూపించమనండి. మన మెలోడీ స్టేజీల మీద ఎఫ్ 2.8, షట్టర్ సెకనులో 250వ వంతు పెట్టుకుంటే తిరిగేది ఆ అంకెల మధ్యనే. ఇక్కడ ఫుల్ ఫ్రేమ్‌కి ఒక స్టాప్‌కి కాస్త పైన లాభం ఉంది (స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో). రాత్రి ప్రోగ్రాములే ఎక్కువగా చేసేవాడు దానికి డబ్బు పెడితే తప్పు పట్టను.

సైలెంట్ షట్టర్ మాట మాత్రం నా ఒంటి మీద వాత. దసరాకి బరంపురంలో ఒక మెలోడీ ప్రోగ్రాం. గాయని వెనక పెద్ద ఎల్ఈడీ తెర, పైన ఎల్ఈడీ లైట్లు. పాటకి అడ్డం రాకూడదని సైలెంట్ పెట్టాను. స్క్రీన్ మీద చిన్నగా చూస్తే అన్నీ బాగున్నాయి. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఆమె మొహం మీద అడ్డంగా నల్లటి చారలు, చీర మీద చారలు, మైకు మీద చారలు. 200 పైచిలుకు ఫొటోలు చెత్తబుట్టలోకి పోయాయి. కారణం తర్వాత అర్థమైంది. మామూలు సెన్సర్ సైలెంట్ మోడ్‌లో బొమ్మని పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసగా చదువుతుంది. ఎల్ఈడీ లైటు మన కంటికి తెలియకుండా ఆరి వెలుగుతూ ఉంటుంది. ఆరిన క్షణంలో చదివిన వరసలు నల్లబడతాయి. కరెంటు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది కాబట్టి మామూలు ట్యూబులైట్లు 100 సార్లు మినుకుతాయి. వాటికైతే 100వ వంతు షట్టర్ పెడితే సరిపోతుంది. స్టేజీ ఎల్ఈడీలు అంతకంటే చాలా వేగంగా మినుకుతాయి.

2021లో వచ్చిన నికాన్ జెడ్9లో మెకానికల్ షట్టరే (సెన్సర్ ముందు కదిలే తెర) లేదు. సెన్సర్ అంత త్వరగా చదువుతుంది కాబట్టి అది సాధ్యమైంది. సోనీ ఏ9 త్రీ అయితే అన్ని చుక్కల్నీ ఒకేసారి చదివేస్తుంది, చార పడే సమస్యే ఉండదు. అవన్నీ లక్షల మాట. మనలాంటివాళ్లు స్టేజీ దగ్గర మెకానికల్ షట్టరే వాడాలి, ఫ్లికర్ (ఈ మినుకు) తగ్గించే సెట్టింగ్ ఉంటే వేసుకోవాలి, మొదటి పాటలోనే నాలుగు ఫొటోలు పెద్దవి చేసి చూసుకోవాలి. డీజే సౌండు పక్కన మన షట్టర్ టిక్కుమనడం ఎవరికి వినిపిస్తుంది?

స్టేజీ మీద ఇంకో శత్రువు ఎర్ర లైటు. ఎరుపు ఒక్కటే నిండిపోయి మొహం మీద ముక్కూ పెదవీ కలిసి ఒకే ముద్ద అవుతుంది. దానికి ఎంత ఖరీదు బాడీ అయినా మందు కాదు. మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఏ రంగు ఎంత నిండిందో చూపే గ్రాఫు) చూసుకుంటూ ఒక స్టాప్ తగ్గించి రాలో తీయాలి, తెల్ల లైటు పడే క్షణం కోసం కాచుకోవాలి.

"మిర్రర్‌లెస్సే" అన్నదాంట్లో న్యాయం ఉంది. కన్ను వెతికి పట్టుకునే ఫోకస్ పోర్ట్రెయిట్‌కి వరం. కంపెనీల కొత్త లెన్సులూ దాదాపు అన్నీ అటే వస్తున్నాయి. కానీ చేతిలో ఇప్పటికే డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న పాత రకం కెమెరా), దానికి మంచి లెన్సులూ ఉన్నవాడు అప్పు చేసి మారనక్కర్లేదు. నికాన్ డీ850 వచ్చింది 2017లో, దాని ఫొటో ఈనాటికీ ఎవరికీ తీసిపోదు.

మెసేజ్‌లో అసలు లేనిదీ, నేను మొదట చూసేదీ రెండో కార్డు స్లాటు, అంటే ప్రతి ఫొటో రెండు మెమరీ కార్డుల మీదా దాచుకునే వీలు. ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఒకే కార్డు మీద తీశాను. కార్డు చచ్చింది. ముహూర్తం మళ్లీ పెట్టించలేం కదా. ఆ అమ్మాయి తండ్రి ఒక్క మాట కూడా అనలేదు, నన్ను అలా చూస్తూ ఉండిపోయాడు. తిట్టినా బాగుండేది. నికాన్ జెడ్6 2018లో ఒక్క స్లాటుతో వచ్చింది, 2020లో జెడ్6 టూకి రెండు పెట్టారు. కెనాన్ ఆర్‌కి ఒకటే, తర్వాత వచ్చిన ఆర్6కి రెండు. అదే 20 మెగాపిక్సెల్ ఆర్6ని మెసేజ్ ప్రకారం ప్రొఫెషనల్ అనకూడదు! ఇంకోటి, బాడీ పాడైతే బాగు చేయించడానికి బరంపురం నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, విశాఖ 270. ఒక లక్షల బాడీ కంటే రెండు మధ్యస్థం బాడీలు ఉన్నవాడి పెళ్లి సీజన్ ఆగదు.

మేనల్లుడికి చెప్పాను: గాజులు బీరువాలోనే ఉంచమను. ఈ శనివారం పాతపట్నంలో వాడికి ఒక మెలోడీ ప్రోగ్రాం ఉంది. 24 మెగాపిక్సెల్ బాడీ ఒకటి, 85 లెన్సు ఒకటి ఆ రాత్రికి అద్దెకి తీసుకుంటున్నాడు. కార్డులు రెండు పెట్టుకోమన్నాను. ఆదివారం ఇద్దరం కూర్చుని, ఫొటోలు పెద్దవి చేసి చూస్తాం.