పడవల మీద కోపం, పెద్దావిడ మీద దెబ్బ

2025 మే 1న ఇంగ్లండ్‌లో జరిగిన స్థానిక ఎన్నికల్లో వలసలను గట్టిగా వ్యతిరేకించే నైజల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే పది కౌన్సిళ్లను, అంటే స్థానిక పాలక మండళ్లను, కైవసం చేసుకుంది. మన జిల్లా లాంటి కెంట్ కౌంటీనే చూడండి. 81 సీట్లలో 57 రిఫార్మ్ గెలిచింది. 1997 నుంచి అక్కడ పాలించిన కన్జర్వేటివ్‌లకు మిగిలినవి 5. ఇంతా చేస్తే రిఫార్మ్‌కు పడిన ఓట్లు నూటికి నలభై కూడా లేవు. నాలుగైదు పార్టీలు ఓట్లు చీల్చుకునే చోట ముందున్నవాడిదే సీటు మరి.

నా బాధ సీట్ల లెక్క గురించి కాదు. ఆ ఓట్లలో చాలా భాగం వలస వచ్చేవాళ్లతో ఇంగ్లిష్ ఛానల్ దాటి కెంట్ తీరంలోని డోవర్‌కు వచ్చే చిన్న పడవల మీద కోపంతో పడ్డాయి. పడవలను ఆపడం కౌంటీ పనే కాదు, అది లండన్‌లోని హోంశాఖ పని. తోడు లేకుండా వచ్చిన పిల్లల్ని చూసుకోవడం వరకే కౌంటీ బాధ్యత. కౌంటీ డబ్బులో పెద్ద వాటా వృద్ధులు, వికలాంగుల సంరక్షణకే పోతుంది. పొద్దున్నే ఒక కేరర్ వస్తుంది. మంచం పట్టిన పెద్దావిడ ఒళ్లు తుడుస్తుంది, మాత్రలు వేస్తుంది, టీ చేతికిచ్చి ఇంకో ఇంటికి పరుగెడుతుంది. ఆ అరగంటకు డబ్బు కట్టాల్సింది చాలాసార్లు కౌంటీయే. ప్రచారంలో ఆ పెద్దావిడ ఊసెక్కడ? ఎన్నికలై మూడు నెలలు తిరక్కముందే, జూలైలో, కేరర్లను విదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే వీసా దారిని దేశాన్నేలే లేబర్ ప్రభుత్వం మూసేసింది. ఆ వీసా మీద వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

లేబర్, కన్జర్వేటివ్ రెండు పెద్ద పార్టీలూ చెవిన పెట్టకపోతే జనం చేతిలో ఉన్న ఓటుతోనే చెబుతారు కదా అంటారు. నిజమే, ఆ కోపం ఉత్తిది కాదు. కానీ దెబ్బ తగిలేది వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే లండన్ పార్లమెంటులో, కూర్చున్నవాళ్లకు కాదు, ఆ పెద్దావిడకు.

మన దగ్గర మాత్రం? 2019లో తెలంగాణలో 32 జిల్లా పరిషత్తులుంటే 32 పీఠాలూ టీఆర్‌ఎస్‌కే దక్కాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా జడ్పీటీసీ అభ్యర్థి పేరు కన్నా పైనున్న నాయకుడి ఫొటోనే పెద్దది. పంచాయతీరాజ్ సంస్థలకు 29 అంశాలు అప్పగించవచ్చని రాజ్యాంగంలో రాసుకుని ముప్పై ఏళ్లు దాటింది. అయినా నిధుల కోసం జడ్పీ చైర్మన్లు మంత్రుల గుమ్మాల దగ్గర నిలబడాల్సిందే. పై నాయకుడి పేరు మీద గెలిచిన మనిషి ఆ నాయకుణ్ని గట్టిగా ఎలా అడుగుతాడు? ఈసారి జడ్పీటీసీ అభ్యర్థి మీ గడప తొక్కితే, మీ మండలంలోని జడ్పీ హైస్కూల్లో ఆడపిల్లల బాత్రూమ్‌కు నీళ్లు వస్తున్నాయో లేదో అడగండి.