తుపాకికి కాదు, తూటాకే కాపలా

ఆదివారం ఉదయం బెంగళూరు మారతహళ్లిలో మా బాల్కనీలో కాఫీ గ్లాసుతో కూర్చుని మేనల్లుడితో వీడియో ఫోనులో మాట్లాడుతున్నాను. వాడుండే టెక్సస్‌లో అప్పటికింకా శనివారం రాత్రే. కారు షెడ్డులో ఒక చెక్క బల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, పక్కన చిన్న త్రాసు. చిటికెన వేలిలో సగం పొడవున్న ఇత్తడి గొట్టాన్ని కెమెరా దగ్గరికి తెచ్చి, "దీన్ని నింపడం ఇది ఐదోసారి మామయ్యా" అన్నాడు. నోటి దగ్గర పగుళ్లు లేవని తిప్పి చూపించాడు. మనుమరాలికి పళ్లు వచ్చాయని మా అక్క చూపించినప్పుడు కూడా అంత సంబరం కనిపించలేదు.

అది .44 మాగ్నమ్ అనే పెద్ద రివాల్వరు తూటాకు పై గొట్టం. వాడు రివాల్వరుతో అడవి పందుల్ని వేటాడతాడు. టెక్సస్‌లో అడవి పందుల బెడద ఎంతటిదంటే, 2019 సెప్టెంబరు నుంచి భూమి యజమాని ఒప్పుకుంటే చాలు, వాటిని కాల్చడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. దుకాణంలో .44 మాగ్నమ్ తూటా ఒక్కొక్కటి డాలరు పైమాటే. వారం వారం గురి చూసి సాధన చేసేవాడికి అది ఎంతకని భరించే ఖర్చు? అందుకే కాల్చిన గొట్టాలు ఏరుకొచ్చి, ప్రైమర్లు (మందును రగిలించే చిన్న మూతలు), మందు, సీసపు బుల్లెట్లు (ఎగిరిపోయే గుండ్లు) విడివిడిగా కొని, ఇంట్లోనే తూటాలు నింపుకుంటాడు. ఇత్తడి గొట్టమే తూటాలో ఖరీదైన భాగం, మళ్లీ మళ్లీ పనికొచ్చేదీ అదే. మా అక్క లెక్కలో జాడీ పాతది, ఆవకాయ కొత్తది.

అదే పని వాడు ఇక్కడ మా ఇంటి బాల్కనీలో చేస్తే? ఆయుధ చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు గానీ తూటాలు గానీ తయారు చేయకూడదు. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. లైసెన్సు లేని తుపాకి దగ్గర ఉంచుకున్నందుకు ఇదే చట్టం మామూలుగా వేసేది రెండు నుంచి ఐదేళ్లు. అంటే మన చట్టం దృష్టిలో దొంగతుపాకి దాచుకున్నవాడికంటే ఇంట్లో తూటా నింపుకున్నవాడు పెద్ద నేరస్తుడు. మొదటిసారి చదివినప్పుడు ఇది తలకిందుల లెక్క అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

పెద్ద రివాల్వరుతో వేట అనేది అమెరికా సరదా అనుకుంటాం గానీ, దాని మూలాల్లో కొన్ని మన అడవుల్లోనే ఉన్నాయి. 19వ శతాబ్దంలో తెల్లదొరలు ఏనుగు మీద అంబారీలో కూర్చుని పులివేటకు వెళ్లేవారు. గాయపడిన పులి ఏనుగు మీదికి ఎగబాకితే పొడవాటి రైఫిలు తిప్పడానికి చోటుండదు. అందుకని అర అంగుళం దాటిన రంధ్రమున్న పొట్టి పిస్తోళ్లు దగ్గర పెట్టుకునేవారు. ఆయుధ చరిత్రకారులు వాటిని హౌదా పిస్తోళ్లని ఇప్పటికీ అంబారీ పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాత కథ అమెరికాకు మారింది. 1935లో .357 మాగ్నమ్, 1950ల నడుమ .44 మాగ్నమ్, 2003లో .500 స్మిత్ అండ్ వెస్సన్ అనే తూటాలు వచ్చాయి. విశేషమేమిటంటే .44 మాగ్నమ్ పుట్టిందే చేతితో తూటాలు నింపుకునేవాళ్ల బల్ల మీద. ఎల్మర్ కీత్ అనే వేటగాడు, పశువుల కాపరి, 1907 నాటి .44 స్పెషల్ గొట్టంలో మందు పెంచుకుంటూ పోయి, ఫలితాలను పత్రికల్లో రాసి, కంపెనీలను ఒప్పించాడు. కంపెనీలు గొట్టాన్ని కాస్త పొడవు చేసి కొత్త పేరు పెట్టాయి. ఆ పొడవు ఎందుకంటే, కొత్త తూటాను పొరపాటున పాత రివాల్వర్లో పెట్టబోయినా అందులో పట్టకూడదని.

పట్టి ఉంటే ఏమయ్యేదో అంకెలే చెబుతాయి. .44 స్పెషల్‌కు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15,500 పౌన్లు. .44 మాగ్నమ్‌కు 36,000. .454 కాసుల్ అనేదానికి 65,000. అంటే ఇది రైఫిలు ఒత్తిడి, గుప్పెట్లో పట్టుకుని కాల్చే వస్తువులో. ఇలాంటి చోట కొలత తప్పితే మనిషి మిగలడు. తూటాలు నింపుకునేవాళ్లు మందును గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాముల లోపు, మన కంసాలి గురివింద గింజలో సగమనుకోవచ్చు. త్రాసు అందులో పదో వంతు కూడా చూపిస్తుంది. బుల్లెట్టు మాత్రం 240 గ్రెయిన్లు, తులంపావు దాటుతుంది.

మేనల్లుడు ప్రెస్సు పిడి లాగుతూ పాత ప్రైమరు ఊడగొట్టడం, గొట్టాన్ని తిరిగి కొలతకు తేవడం వంటివి మాట్లాడుతూనే చేశాడు. మందు పోసే వంతు రాగానే "ఇక ఫోను పెట్టేస్తాను మామయ్యా, ఇప్పుడు మాట్లాడకూడదు" అన్నాడు. మర్నాడు అడిగితే కారణం చెప్పాడు. యాభై గొట్టాలను రంధ్రాలున్న చెక్కలో నిలబెట్టి, మందు పోశాక టార్చిలైటు వేసి ఒక్కొక్క దాంట్లోకి తొంగి చూస్తాడట. మాటల్లో పడి ఒక దాంట్లో రెండుసార్లు పోస్తే రివాల్వరే పేలుతుంది. ఒక దాంట్లో అసలు పోయకపోతే అది ఇంకా మాయదారి ప్రమాదం. ప్రైమరు బలానికి బుల్లెట్టు కొంత దూరం కదిలి రివాల్వరు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. 'టప్' అని చిన్న చప్పుడే వస్తుంది కాబట్టి పేలలేదనుకుని రెండోది కాలిస్తే, దారి మూసుకున్న గొట్టం చీలిపోతుంది. వాడు తన తూటాలు తానే కాల్చుకుంటాడు, ఎవరికీ ఇవ్వడు. అమెరికా చట్టం కూడా అక్కడే గీత గీసింది. సొంతానికి నింపుకుంటే కేంద్ర లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే తప్పనిసరి. 1968 చట్టం తూటాలు కొన్నవాళ్ల పేర్లు దుకాణాల వాళ్లు రాసి ఉంచాలన్నది. 1986లో ఆ పనిని చాలావరకు ఎత్తేశారు. 2019 జూలై నుంచి కాలిఫోర్నియా మాత్రం తూటాలు కొనే ప్రతిసారీ కొనేవాడి పూర్వాపరాలు తనిఖీ చేస్తోంది. తుపాకిని మాత్రమే చూస్తే చాలదని అలాంటి కొన్ని రాష్ట్రాలైనా ఆలస్యంగా గ్రహించాయి.

మన చట్టం ఆ సంగతిని మొదటి నుంచే గ్రహించింది. తుపాకి ఒకసారి కొంటే మూడు తరాలు ఉంటుంది. తూటా కాల్చగానే అయిపోతుంది, మళ్లీ కొనాలి. కాబట్టి మనిషి తుపాకితో ఏం చేస్తున్నాడో తెలుసుకోవడానికి తూటాల లెక్కకు మించిన దారి లేదు. బెంగళూరులో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనరు. ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు పుస్తకంలోనే రాస్తారు. దుకాణదారు తేదీ, సంఖ్య వేసి ముద్ర కొడతాడు. ఇంట్లో తూటాలు నింపుకోవడానికి అనుమతిస్తే ఆ పుస్తకం చిత్తుకాగితమే. పాతిక గొట్టాలు ఐదుసార్లు నింపితే నూట పాతిక తూటాలు, పుస్తకంలో మాత్రం పాతికే. అందుకే చట్టం తూటాకిచ్చిన నిర్వచనంలో దాని విడి భాగాలను, తూటాలు చేసే యంత్రాలను కూడా చేర్చింది. మా వాడి చెక్క బల్ల మీది ప్రెస్సు మన దేశంలో తూటా కిందికే వస్తుంది. వినడానికి నవ్వొచ్చినా తర్కం గట్టిదే.

ఏ తుపాకి నిషిద్ధం అన్న ప్రశ్నకూ జవాబు తూటాయే. నిబంధనలు 9 మి.మీ., .380, .455 పిస్తోళ్లను, రివాల్వర్లను నిషేధించిన పద్ధతి చూడండి. సైన్యం, పోలీసులు వాడే తూటా ఇందులో పడుతుందా అన్నదే గీటురాయి. పడితే నిషిద్ధం. ఠాణాల నుంచి, దండు గిడ్డంగుల నుంచి తూటాలు జారిపోకుండా కట్టిన గట్టు అది. అందుకే కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం దశాబ్దాలుగా పౌరులకు అమ్మే రివాల్వరు .32. 2014లో వచ్చిన నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్ కూడా .32 రకాలే. ఆ తూటా ఒత్తిడి .44 మాగ్నమ్‌లో సగం కూడా ఉండదు. అది ఆత్మరక్షణకు ఉద్దేశించింది, వేటకు కాదు. వేట ప్రసక్తి ఎలాగూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో, దాని 1991 సవరణతో ముగిసింది. కొడగు జిల్లాలో కొడవ సముదాయానికి, జమ్మా అనే వంశపారంపర్య భూములున్నవాళ్లకు తుపాకి లైసెన్సు నుంచి బ్రిటిషు కాలం నుంచి మినహాయింపు ఉంది. దాన్ని 2019లో మరో పదేళ్లు పొడిగించారు, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. కైల్ పోళ్దు పండుగనాడు వాళ్లు తుపాకులకు పూలు పెట్టి పూజ చేస్తారు. ఆ మినహాయింపు కూడా తుపాకి ఉంచుకోవడానికే తప్ప ఇంట్లో తూటాలు తయారు చేసుకోవడానికి కాదు.

ఇంతవరకు చట్టానికి నా ఓటు. పేచీ ఇక్కడి నుంచి.

మా అపార్టుమెంటులో ఒక విశ్రాంత అధికారి ఉన్నారు, కడప జిల్లా మనిషి. ఆయన బీరువాలో .32 రివాల్వరు ఉంది. అందులోని తూటాలు ఎప్పుడు కొన్నారని అడిగితే, మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది అన్నారు. ఆ అబ్బాయికి ఇప్పుడు బడికి వెళ్లే పిల్లలున్నారు. ఎన్నిసార్లు కాల్చారంటే, రెండు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పజెప్పి తెచ్చుకోవడమే ఆ రివాల్వరు చేసిన ప్రయాణం. ఆయన్ని తప్పుపట్టలేను. కోటాలో ఉన్నవే కొద్ది, సాధనకు ఖర్చు చేస్తే అవసరానికి మిగలవని భయం. మళ్లీ కొనాలంటే కాల్చినవి ఎక్కడ, ఎందుకు కాల్చారో చెప్పుకోవాలని ఇంకో భయం. 2016 ఆయుధ నిబంధనలు లైసెన్సుకు ముందు భద్రతా శిక్షణ తప్పనిసరి చేశాయి, మంచిదే. కానీ ఒక్కసారి నేర్చి ఇరవై ఏళ్లు ముట్టుకోని విద్య చేతిలో ఉంటుందా? ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్న తూటా పేలుతుందన్న నమ్మకం ఎంత? పేలకపోతే నయం. సగం పేలి బుల్లెట్టు గొట్టంలో ఇరుక్కుంటే, మేనల్లుడు టార్చిలైటుతో వెతికే ప్రమాదం ఈయన పరుపు పక్కనే కాచుకుని ఉన్నట్టు.

క్రీడాకారులకు వేరే కోటా ఉంది, 2020లో దాన్ని పెంచారు కూడా. మామూలు లైసెన్సుదారుకు అలాంటి వెసులుబాటు ఎందుకు ఉండకూడదు? గుర్తింపు పొందిన షూటింగ్ రేంజిలో, అక్కడే ఇచ్చిన తూటాలు కాల్చి, ఖాళీ గొట్టాలు అక్కడే లెక్కపెట్టి అప్పగించి వస్తే, అవి అతని కోటాలోంచి తగ్గకూడదు. లెక్క చెడదు, తూటా ఒక్కటీ ఇంటికి రాదు. పాత తూటాలు తెస్తే తీసుకుని కొత్తవి ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడే ఉండవచ్చు. ఇంట్లో నింపుకునే హక్కు కావాలని ఇక్కడ కొందరు ఔత్సాహికులు అడుగుతుంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఆ నైపుణ్యం మీద గౌరవం ఉంది. కానీ దొంగతుపాకులు ఇన్ని తిరిగే దేశంలో, వాటికి ఇప్పటికీ కరువైనది నమ్మకమైన తూటాయే. ఆ కరువు అలాగే ఉండాలి.

ఇక చట్టం కంటపడని చేతి నింపుడు ఒకటి బెంగళూరుకు రెండు మూడు గంటల దూరంలోనే జరుగుతోంది. పలమనేరు దగ్గర మా తాతగారికి పంట కాపలా లైసెన్సు మీద ఒంటిగొట్టం నాటు తుపాకి ఉండేది. కాగితాల్లో ఎస్‌బీఎంఎల్ అంటారు. దాని మూతి నుంచి మందు పోసి, గుడ్డపీచు కుక్కి, గుండు వేసి కడ్డీతో దట్టించాలి. మందు కొలతకు ఆయన వాడింది ఒక వెదురు గొట్టం, మీద గోటితో గీసిన గీత. ఆలోచిస్తే ఈ దేశంలో చట్టబద్ధంగా తుపాకిలో చేత్తో మందు నింపుకోగలిగింది ఆ వేరుశనగ రైతే. ఇప్పుడు అలాంటి లైసెన్సులు అరుదు, పందులు అరుదు కాలేదు. దాంతో కంచెకు కరెంటు తీగ, లేదా పిండిముద్దలో చుట్టిన నాటుబాంబు. ఆవు కొరికితే ఆవు దవడ, ఏనుగు కొరికితే ఏనుగు దవడ ఎగిరిపోతుంది. మందుగుండు చేతితో నింపే పనుల్లో అన్నిటికంటే క్రూరమైంది ఇది. పట్నంలో యాభై తూటాలకు ముద్రలు కొట్టే యంత్రాంగం ఊళ్లో పేలుడు మందు ఎక్కడి నుంచి వస్తోందో అంత శ్రద్ధగా అడిగినట్టు కనబడదు.

విమానాశ్రయం మరో చోటు. సంచి అడుగున మరచిపోయిన ఒక్క తూటా ఎక్స్‌రేలో దొరికి, పెళ్లికి బయలుదేరిన మనిషి ఠాణాకు చేరిన వార్తలు తరచూ చూస్తుంటాం. ఆయుధం దగ్గర ఉందని తెలిసి ఉండటమే 'కలిగి ఉండటం' అని సుప్రీంకోర్టు 1972లోనే, మళ్లీ 1994లో కూడా స్పష్టం చేసింది. జతభాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. వీటి ఆధారంగా హైకోర్టులు కేసులు కొట్టేస్తూనే ఉన్నాయి. కానీ కొట్టేసేలోపు పాస్‌పోర్టు, ఉద్యోగం, రెండేళ్ల మనశ్శాంతి పోతాయి. మొదటి విచారణలోనే పోలీసు అధికారి వదిలేయగలిగే స్పష్టమైన ఉత్తర్వు ఒకటి ఉంటే సరిపోయే వ్యవహారమిది.

సంక్రాంతికి మేనల్లుడు వస్తున్నాడు. మొన్న మళ్లీ ఫోను చేసి, ఐదుసార్లు నింపిన ఆ ఇత్తడి గొట్టానికి చివరికి నోటి దగ్గర సన్నటి పగులు వచ్చిందన్నాడు. "ఇక పనికిరాదు. కడిగి, మెరుగుపెట్టి నీ బల్ల మీదికి తెచ్చిపెట్టనా మామయ్యా, పెన్ను మూతలా ఉంటుంది?" అని అడిగాడు.

"వద్దురా. ఫోటో తీసి పంపు" అన్నాను.