‘దుప్పటి చుట్టి బయలుదేరండి’ అన్న సలహాకు సమాధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక సందేశం తిరుగుతోంది. పురుడు జరిగిన చిన్న ఆసుపత్రివారు పసికందును పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని రాసిచ్చినప్పుడు ఇంటివాళ్ళు ఏమేమి చేయాలో అందులో చెప్పారు. మన ఎండలకు బిడ్డ చల్లబడదట. బయలుదేరే ముందు గోరువెచ్చని నీళ్ళు పోసి దళసరి దుప్పటి చుట్టాలట. ఇరుపక్కలా వేడినీళ్ళ సీసాలు పెట్టాలట. కదిలే బండిలో తల్లి గుండెల మీద పడుకోబెడితే ఊపిరాడదట. అన్నిటికంటే ముఖ్యంగా ఒక్క నిమిషమైనా ఆగకూడదట, వేడి సంగతి అక్కడి డాక్టర్లు చూసుకుంటారట. చివర అంబులెన్సులో ఏసీ ఆపించమన్న మాట ఒకటుంది. అది సరైనదే, దానితో నాకు పేచీ లేదు. మిగిలినవి మాత్రం, నవజాత శిశువుల వార్డులో నర్సుగా పనిచేసిన నాకు, చూస్తూ ఊరుకోదగ్గవిగా కనిపించలేదు.

ఎండ సంగతి ముందు చూద్దాం. పుట్టిన బిడ్డ చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 36.4కు దిగితే చలి తగిలినట్టు, 36 కంటే తగ్గితే ప్రమాదంలో పడినట్టు, 32 కంటే తగ్గితే ప్రాణాపాయం. ఒంటిమీద బట్టలేని బిడ్డ ఆ వేడిని నిలుపుకోవాలంటే, నెలలు నిండి పుట్టినా సరే, చుట్టూ గాలి దాదాపు 32 డిగ్రీలైనా ఉండాలి. బయట రోడ్డు మీద 40 డిగ్రీలు ఉండవచ్చు గాని, బిడ్డ ఉండేది రోడ్డు మీద కాదు. పురిటి గదిలో ఫ్యాను కింద, ఆ తరువాత ఏసీ వేసిన బండిలో. పైగా తడి ఒంటి మీద నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది, దానికి వేసవి, శీతాకాలం అన్న భేదం లేదు. పెద్దవాళ్ళకు చలేస్తే వణుకు పుట్టి ఒళ్ళు వేడెక్కుతుంది. పసిబిడ్డకు ఆ వణుకు రాదు. మెడ చుట్టూ, భుజాల నడుమ ఉండే ఒక రకం గోధుమరంగు కొవ్వును కరిగించి వేడి పుట్టించుకోవాలి, దానికి ఆక్సిజనూ రక్తంలోని చక్కెరా ఖర్చవుతాయి. ఊపిరి కష్టమై పెద్దాసుపత్రికి వెళ్తున్న బిడ్డకు ఆ రెండూ అసలే కరువు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఆ కొవ్వు కూడా చాలినంత ఉండదు.

ఇక స్నానం, దుప్పటి. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు గడిచేవరకు స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రయాణానికి ముందు ఒళ్ళు తడపడం అంటే బిడ్డను చేతులారా చల్లబరచడమే. దుప్పటి విషయంలో పొరపాటు ఇంకొంచెం లోతుగా ఉంది. మన తీరంలో చేపల వ్యాపారులు ఐసు దిమ్మను రంపపు పొట్టులో, గోనెలో చుట్టేది అది వేడెక్కాలని కాదు గదా! చుట్టిన గుడ్డ లోపల ఏది ఉంటే దాన్ని నిలుపుతుంది, తనంతట తాను వేడిని పుట్టించదు. అప్పటికే చల్లబడిన బిడ్డను ఎంత దళసరి దుప్పటిలో చుట్టినా ఆ చల్లదనమే భద్రంగా ఉంటుంది.

వేడినీళ్ళ సీసాల గురించి నేను చూసినదే చెబుతాను. ఒక రాత్రి మా వార్డుకు వచ్చిన బిడ్డ పొత్తిళ్ళు విప్పితే, తువ్వాలు చుట్టిన సెలైన్ సీసా ఒకటి పిక్కకు ఆనుకుని ఉంది. ఆ పిక్క మీద రూపాయి బిళ్ళంత మేర చర్మం బొబ్బ లేచింది. అదే బిడ్డ పాదాలు ముట్టుకుంటే మంచులా ఉన్నాయి. ఒక పక్క కాలింది, ఒంటికి మాత్రం వేడి చేరలేదు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాదాపు 130 కిలోమీటర్లు. అంత దూరంలో సీసా చల్లారితే అది బిడ్డకు వేడి ఇవ్వకపోగా బిడ్డ వేడినే తీసుకుంటుంది. పుట్టుకలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డకు అతివేడి కూడా హానే.

తల్లి గుండెల మీద ఊపిరాడదన్నది ఈ సందేశంలో అన్నిటికంటే నష్టం చేసే మాట. బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెలు, అంటే ఇంక్యుబేటర్లు, చాలని కొలంబియా రాజధాని బొగొటాలో 1978లో ఎడ్గార్ రే అనే వైద్యుడు, బిడ్డను తల్లి ఒంటికి నేరుగా ఆనించి ఉంచే ఈ పద్ధతిని మొదలుపెట్టాడు. మనవాళ్ళు దీన్నే కంగారూ సంరక్షణ అంటున్నారు. భారతదేశంతో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలను పుట్టిన వెంటనే ఇలా ఉంచినప్పుడు, నెలలోపు మరణాలు 25 శాతం తగ్గాయి. అది వార్డుల్లో జరిగిన అధ్యయనం, బండిలో కాదు, నిజమే. అయినా ప్రత్యేక పరికరాలు లేని ప్రయాణంలో ఒంటికి ఒళ్ళు ఆనించడమే వేడి నిలిపే మేలైన దారి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బిడ్డకు టోపీ, మేజోళ్ళు, డైపరు మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల నడుమ నిలువుగా ఆనించి, ఇద్దరినీ కలిపి గుడ్డ కట్టి పైన దుప్పటి కప్పాలి. తల్లి కాస్త వెనక్కి వాలి బెల్టుతో కూర్చోవాలి. ఊపిరాడనిది పడుకోబెట్టినందువల్ల కాదు, మెడ ముందుకు వంగిపోయినప్పుడు. అందుకే తల ఒక పక్కకు తిప్పి, మెడ నిటారుగా ఉంచి, ముక్కూ నోరూ కనబడేలా ఒకరు చూస్తూనే ఉండాలి. సిజేరియన్ అయి తల్లి రాలేకపోతే తండ్రి ఛాతీ పనికొస్తుంది, అమ్మమ్మదీ పనికొస్తుంది. శ్వాసకు యంత్రసాయం కావలసిన బిడ్డకు మాత్రం ఇది కుదరదు, దానికి ఇంక్యుబేటరు ఉన్న నవజాత శిశు అంబులెన్సే అడగాలి.

చివరిది, నిమిషం ఆగవద్దన్న మాట. పాలకొండ నుంచో పార్వతీపురం నుంచో విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు బయలుదేరేవాళ్ళ ఆత్రం నాకు తెలియనిది కాదు. కాని బిడ్డ 35 డిగ్రీల వద్ద ఉండగా బండి ఎక్కిస్తే దారిలో మరింత దిగుతుంది గాని పెరగదు. వార్మరు (పైనుంచి వేడినిచ్చే పరికరం) కింద పెట్టి వేడి చేసి, చక్కెర చూసి, ఊపిరి సరిచేసి, అవతలి ఆసుపత్రికి ఫోను చేసి పంపడమే పద్ధతి. ఆ పనులు జరుగుతుండగా ఇంటివాళ్ళు డాక్టరును తొందరపెట్టవద్దు. కాగితం మీద బయలుదేరేటప్పటి ఉష్ణోగ్రత రాయించుకోండి. మామూలు థర్మామీటరు గుర్తులు 35 దరిదాపుల్లోనే మొదలవుతాయి కాబట్టి, పాదరసం అసలు కదలకపోతే పరికరం పాడైందని అనుకోవద్దు, బిడ్డ ఒళ్ళే అంతకంటే చల్లబడి ఉండవచ్చు.

దారిలో చేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, అరికాలును ముట్టుకుంటూ ఉండండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి అరికాలు చల్లగా ఉంటే చలి మొదలైంది. టోపీ, డైపరు తడిసాయేమో చూసి మార్చి, బిడ్డను ఇంకా దగ్గరగా ఆనించుకోండి. రెండూ చల్లగా తగిలితే బండిలోని టెక్నీషియన్‌కు ఆ క్షణమే చెప్పండి.