ఊళ్లో ఇల్లుంది, బుకింగులు లేవు

నల్లగొండ, పాలమూరు నుంచి అమెరికా వచ్చిన మన కుటుంబాల్లో చాలామందికి ఊళ్లో తాతల నాటి ఇల్లుంది. అమ్మానాన్నలు పిల్లల దగ్గరికో హైదరాబాదుకో చేరాక దానికి తాళం పడింది. కొందరు ఆ ఇంటిని బాగు చేయించి, కొత్త బాత్రూములు కట్టించి, ఏసీ పెట్టించి, ఇళ్లను రోజుల లెక్కన అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో ఉంచుతున్నారు. మంచి పని. మనుషులు మసలని ఇల్లు ఎన్నాళ్లో నిలవదు. కానీ బుకింగులు రావట్లేదని మన సమావేశాల్లో తరచూ వింటున్నాను. రేటు తగ్గించాలా, ఫేస్‌బుక్‌లో యాడ్ వేయాలా అని అడుగుతున్నారు. ఆ రెండూ తర్వాత సంగతి. ఊళ్లో ఇల్లు చూసుకునే మనిషి చేతికి ఈ పని అప్పగించి, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి అంటాను నేను.

మన పల్లెల్లో దిగేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ కుటుంబాలే. వాళ్లు వెతికేది నాగార్జునసాగర్, సోమశిల, అలంపూర్, పోచంపల్లి అనే పేర్లతో. మనవాళ్లేమో ‘ప్రశాంతమైన ఫామ్‌హౌస్’ అని పెడతారు. ఆ మాట ఏ ఊరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు. కొల్లాపూర్ దగ్గర ఇల్లుంటే సోమశిల, కృష్ణమ్మ మొదటి వరుసలోనే కనబడాలి. మొదటి ఫొటో మంచం, దిండ్లది ఎందుకు? అరుగు చూపించండి, పెరట్లో వేపచెట్టు చూపించండి.

అసలు బలం ఊరి మనిషికి తెలిసిన విషయాల్లో ఉంది. శ్రీశైలం నుంచి వరద వచ్చి సాగర్ గేట్లు ఎత్తిన వార్త మనకు టీవీలో వస్తుంది. హిల్ కాలనీలో ఉన్నవాళ్లకు అది కళ్లెదుట జరుగుతుంది. ఆ పొద్దున్నే తీసిన చిన్న వీడియో వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, ఆ శని, ఆదివారాలకు గది అడిగేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నల్లమల అడవిలో సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే. దసరా నవరాత్రుల్లో అలంపూర్ జోగులాంబ గుడి దగ్గర ఎంత రద్దీగా ఉంటుందో అక్కడివాళ్లను అడగాలి. ఇవన్నీ ముందే చెప్పే హోస్టును నమ్మి జనం బుక్ చేస్తారు.

మామూలు రోజుల్లో ఖాళీగా ఉంటుందని దిగులు పడేవాళ్లు పోచంపల్లి వైపు చూడాలి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. మగ్గం చూడాలని వచ్చేవాళ్లకు పనిరోజే మంచిది. ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ తిప్పడం), చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలుకు కట్లు కట్టడం), రంగులద్దడం దగ్గర కూర్చుని చూడాలంటే ఒక పూట చాలదు. డిజైన్ విద్యార్థులకు, చీరలంటే ప్రాణం పెట్టేవాళ్లకు సోమవారం నుంచి గురువారం దాకా తక్కువ రేటు పెట్టి, నేతగాళ్ల ఇంటికి తీసుకెళ్లే ఏర్పాటు చేయొచ్చు. నేతగాళ్లు పని ఆపి చూపించే సమయానికి డబ్బు ఇవ్వాలి, అది కూడా రేటులోనే కలపాలి.

నీళ్ల మాట దాచకండి. నల్లగొండ అనగానే బయటివాళ్లు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో వంగిపోయిన ఎముకలతో బతికిన మనుషుల్ని మనం చూశాం, అందుకే ఆ ప్రశ్నకు కోపం రాకూడదు. ఇంట్లో తాగేది మిషన్ భగీరథ కుళాయి నీళ్లా, ప్లాంటు నుంచి తెచ్చిన క్యానా, ఉన్నదున్నట్టు లిస్టింగులో రాయండి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందో లేదో, మే నెల ఎండలో గది ఎలా ఉంటుందో కూడా. ఫొటో చూసి ఆశపడి వచ్చి నిరాశపడ్డ అతిథి రాసే రివ్యూను ఏ యాడ్ కూడా కప్పిపుచ్చలేదు.

ఎయిర్‌బీఎన్‌బీ మంచి హోస్టులకు ఇచ్చే సూపర్‌హోస్ట్ గుర్తింపుకు రేటింగ్ 4.8 ఉండాలి, 90 శాతం మెసేజ్‌లకు 24 గంటల్లోపు జవాబివ్వాలి, మనవైపు నుంచి రద్దులు ఒక శాతంలోపే ఉండాలి. అక్కడ మధ్యాహ్నం అడిగిన ప్రశ్న మనకు న్యూజెర్సీలో తెల్లవారుజామున వస్తుంది. మనం లేచి జవాబిచ్చేలోపు వాళ్లు ఇంకోచోట గది తీసుకుంటారు. కో-హోస్ట్‌గా ఊరి మనిషిని చేర్చే సదుపాయం అందులోనే ఉంది. మన బంధువుల పిల్లలు విదేశీ పాస్‌పోర్టుతో దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఇమిగ్రేషన్ అధికారులకు సమాచారం ఇవ్వాల్సిందీ ఆ మనిషే.

ఇంత పని చేసే మనిషికి మనం ఇస్తున్నది కాపలా జీతం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. ఇల్లు మనది, నిజమే. అతిథికి జొన్నరొట్టె, నాటుకోడి వండిపెట్టేది ఆ ఇంటావిడ, రాత్రి పూట దారి తప్పిన కారుకు ఎదురెళ్లేది ఆమె భర్త. రివ్యూల్లో జనం మెచ్చుకునేది వాళ్లనే. ప్రతి బుకింగులో ఇంత శాతం అని కాగితం మీద రాసుకుని వాళ్ల ఖాతాలో వేయండి. లిస్టింగులో వాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటే ఫొటో పెట్టండి. ఈ డిసెంబరులో ఊరికి వెళ్లేవాళ్లు ఒక పూట వాళ్లతో కూర్చుని లెక్క తేల్చుకుని, యాప్ ఎలా వాడాలో నేర్పించి రండి.