తుమ్ములాపే సెట్రిజిన్ గోలీ పెద్దమనిషి గారికి, నల్లగొండ నుంచి

అయ్యా,

చూడబోతే కందిపప్పు బద్దకు కాస్త ఎక్కువ. అయినా ఏడాదిన్నరగా మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీకి పెద్దమనిషి మీరే. ఒక పక్క మా పిల్లి సుక్కి, ఇంకో పక్క నా ముక్కు. రాత్రి అన్నాలు కాగానే మీరొచ్చి మధ్యలో కూర్చుంటారు. తెల్లారేదాకా రాజీ. మర్నాడు రాత్రికి మళ్లీ అదే గొడవ, అదే రాజీ. తగవు తెగితే పెద్దమనిషికి పనేముంటుంది లెండి.

సుక్కి ఆరేళ్ల కింద బియ్యం సంచుల దగ్గర ఎలుకలు పట్టే కొలువుకు వచ్చింది. పట్టిన దాఖలా ఒక్కటీ లేదు. నా ఛాతీ మీద పడుకోవడమే ఉద్యోగం అనుకుంది, నేనూ కాదనలేదు. నాలుగున్నరేళ్లు ఏ బాధా లేదు. తర్వాత ఒకనాడు కళ్లు దురద, ముక్కు ధార. సర్ది అనుకుని మిరియాల చారు తాగాను, పసుపు ఆవిరి పట్టాను. ఆరు నెలలు తగ్గని సర్ది ఏ ఊళ్లో ఉంటుంది?

చివరికి డాక్టరు తేల్చాడు. తప్పు బొచ్చుది కాదట, ఎంగిలిది. పిల్లి ఎంగిలిలో, చర్మంలో ఫెల్ డి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. పిల్లి పొద్దంతా ఒళ్లు నాక్కుంటుంది కదా, ఆ తడి ఆరి, పొడై, గాలిలో తేలుతుంది. నా ఒళ్లు దాన్ని దొంగ అనుకుని హిస్టమిన్ అనే రసాయనంతో దండోరా వేయిస్తుంది. మీరు దొంగను పట్టరు, దండోరానూ ఆపరు. వినేవాళ్ల చెవుల్లో దూది పెడతారు. పెద్దమనిషి అంటే అట్లుండాలి.

నా ఒంటి సంగతీ చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు ఇది. ఒక్క తుమ్ముతోనైనా ఏనాడూ నిరసన చెప్పలేదు. వడ్లు తూర్పారబట్టిన దుమ్ము పీల్చినా కిక్కురుమనలేదు. పిల్లి ఎంగిలికి మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది.

పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు డాక్టరు. ఇచ్చేసినా ఆ పొడి ఇంట్లో నెలల తరబడి ఉంటుందని నోరు జారి తానే చెప్పాడు. మా అమ్మ ఆ ముక్క పట్టుకుంది. “పిల్లి పోయినా తుమ్ముడు పోదంటున్నడు గద బిడ్డా, ఇంక దాన్ని పంపుడెందుకు?” పడకగదిలోకి రానివ్వొద్దు అన్న సలహా ఒక్క రాత్రి పాటించాం. సుక్కి తలుపు గీకిన తీరుకు పక్కింటివాళ్లు దొంగలనుకుని లైట్లేశారు. ఇంజెక్షన్ల కోర్సు ఉందట, మూడు నుంచి అయిదేళ్లు. అదీ ఒక సర్కారు వాయిదా లెక్కే ఉంది.

అలర్జీ అనే మాటను 1906లో వియన్నా డాక్టరు క్లెమెన్స్ వాన్ పిర్కే పుట్టించాడు. మా అమ్మకు ఆ మాట అక్కర్లేదు, ‘పడదు’ అంటుంది. వంకాయ పడదు, పిల్లి పడదు. అత్తకూ కోడలికీ పడదు. పడనివాళ్లు ఒకే వంటింట్లో ముప్పై ఏళ్లు ఉండటం చూసిన అమ్మను పిల్లి విషయంలో ఏం చెప్పి ఒప్పిస్తాను?

ఇక మీ మీద ఫిర్యాదు. మీరు రాకముందు వరుసగా పదకొండు తుమ్మేవాణ్ణి. అది శకునమో కాదో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు, ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. మీరొచ్చాక ఒక్కటే వస్తోంది. ఒంటి తుమ్ము! పక్కింటాయన భూమి రిజిస్ట్రేషన్‌కు బండి స్టార్ట్ చేసిన క్షణానే వచ్చింది. ఆయన దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరితే, సుక్కి అడ్డంగా నడిచింది. ఆ పని ఆ వారం కాలేదు. ఆయన మాతో మాట్లాడి నెలైంది.

నిద్ర సంగతి కూడా. మత్తు తక్కువని మీకు పేరు. ఒకసారి పొద్దున మిమ్మల్ని వేసుకుని చిట్యాలలో పని ఉండి బస్సెక్కాను. కళ్లు తెరిస్తే చౌటుప్పల్. కండక్టర్ అదనపు టికెట్టు కొట్టాడు. ఆ పైసలు మీ ఖాతాలో రాసుకున్నాను.

డాక్టరు మొదటిరోజే అడిగాడు, “ఛాతీలో పిల్లికూతలు ఉన్నాయా?” అని. “ఛాతీలో కాదు సార్, ఛాతీ మీద” అన్నాను. ఆయన నవ్వలేదు.

మొన్న రాత్రి రెండింటికి కూత వినిపించింది. పాలు అడుగుతోందనుకుని లేచాను. సుక్కి వరండాలో కుర్చీ మీద ముడుచుకుని గాఢ నిద్రలో ఉంది. వంటింటి దాకా పోయి వచ్చాను. కూత నాతోపాటే వచ్చింది.

మీరు ఆ రాత్రి కూడా వేళకే వచ్చారు, కాదనను. కానీ ఇది మీ పంచాయితీ కాదట. పీల్చే మందు రాసే డాక్టరు వేరే ఉన్నాడట, రేపు పొద్దుటికి టోకెన్ తీసుకున్నాను. పెద్దమనిషికి చెప్పకుండా ఇంకో గడప తొక్కడం మర్యాద కాదని ఈ ఉత్తరం. దీన్ని రాస్తుంటే సుక్కి కాగితం మీదే కూర్చుంది, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

ఇట్లు,
మీ రోజువారీ గిరాకీ