ఒక కుర్చీ, నలభై మంది భాగస్వాములు

మహారాష్ట్రలోని సిరోంచ వైపు మా ఊళ్లో మొన్న మళ్లీ వన సమితి మీటింగు జరిగింది. 1990 జూన్‌లో ఢిల్లీ నుంచి సర్క్యులర్ వచ్చింది లెండి, అడవిని ఊళ్లతో కలిసి కాపాడాలని. అప్పట్నుంచీ మేమూ ఫారెస్టు సారూ పార్ట్‌నర్లం. నలభై మందిమి, కుర్చీ ఒకటే. అది ఎవరిదో మీకు వేరే చెప్పాలా?

కుర్చీతో నాకు పేచీ లేదు. నా బాధంతా రిజిస్టరుతో. మేం మాట్లాడేది తెలుగో గోండో, తీర్మానం ఉండేది మరాఠీలో, అదీ ఉంటే. ఈసారి పేజీ తెల్లగానే ఉంది. కింద వేలిముద్రలు వేయండి, పైన తర్వాత రాసుకుంటానన్నాడు సారు. మా పెద్దయ్య ఇంకుప్యాడు మీద వేలు ఆపి అడిగాడు: "సారూ, ఇంతకీ మేం ఏం తీర్మానం చేసినం?"

"మీటింగ్ అయినంక తెలుస్తది."

"మరి నేను ఒప్పుకున్ననా, వద్దన్ననా?"

"ఒప్పుకున్నవ్. అందరు ఒప్పుకున్నరు."

"మా అన్న కూడానా?" (అన్న పోయి రెండేళ్లయింది.)

సారు పాత పేజీలు తిప్పి చూసి, "పోయినసారి కూడా వచ్చిండు కదా" అన్నాడు. పెద్దయ్య తృప్తిగా వేలు నొక్కాడు.

పంపకం మాత్రం పక్కాగా ఉంటుంది. ఎండాకాలం నిప్పంటుకుంటే అడవి మాది, వెదురు కోతకొస్తే ఫారెస్టోళ్లది. 1927 అటవీ చట్టం వెదురుని చెట్టు అంది (చెట్టైతే కొట్టడానికీ తరలించడానికీ పర్మిట్ కావాలి), 2017లో ఆ మాట తీసేశారు గానీ ఆ ఊరట అడవి బయట పెంచే వెదురుకే. వెదురూ తునికాకూ ఊరి హక్కని 2006 అటవీ హక్కుల చట్టం ఎప్పుడో చెప్పింది. మా గడ్చిరోలి జిల్లాలోనే మెండా లేఖా ఊరికి 2009లో అడవి మీద సామూహిక హక్కు పత్రం వచ్చింది. అయినా వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి రావాలంటే 2011 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి రావాల్సొచ్చింది. ఒక్క పర్మిట్ పుస్తకానికి! ఊరికో కేంద్రమంత్రిని ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఇదంతా నవ్వుతూనే రాద్దామనుకున్నాను. కానీ పోయిన వారం పెద్దయ్య కోడలు కట్టెల మోపుతో వస్తుంటే ఫారెస్టోళ్లు గొడ్డలి గుంజుకున్నారు. ఇయ్యమంటే కోడిని తెమ్మన్నారట. మొన్న ఎండల్లో మంటలార్పుతూ కాళ్లు కాల్చుకుంది ఆమే. అప్పుడు సారు ఎక్కడున్నాడు? పార్ట్‌నర్ గొడ్డలి గుంజుకుని కోడి అడిగేవాణ్ణి మా ఊళ్లో ఇంకో మాట అంటారు, ఇక్కడ రాయలేను.

గొడ్డలి సంగతి వచ్చే మీటింగులో తేలుస్తారట. మా ముద్రలైతే ఇప్పటికే పడ్డాయి.