భోగిమంటలో వేయకూడని కర్ర

భోగి వస్తోందంటే పాత కర్ర వెతకడం మన అలవాటు. కాలు విరిగిన కుర్చీ, పుచ్చిన తలుపు, పెరట్లో మూలన పడున్న చెక్కలు అన్నీ మంటలోకే. అమెరికాలో ఉంటున్న మనవాళ్లూ పెరట్లో చిన్న మంట వేసి పిల్లలకు ఆ ముచ్చట తీరుస్తుంటారు. ఊడదీసిన పాత డెక్ (ఇంటిని ఆనుకుని ఆరుబయట కట్టే చెక్క అరుగు) చెక్కలు చేతికి అందేదీ అక్కడే. దయచేసి వాటిని మంటలో వేయకండి.

2004కు ముందు అక్కడ కట్టిన డెక్‌లు, కంచెలు, పిల్లల ఉయ్యాల స్టాండ్లు చాలావరకు సీసీఏ అనే మందు ఎక్కించిన చెక్కతో చేసినవే. చెక్కను ఉక్కు సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన ద్రావణాన్ని ఒత్తిడితో లోపలికి పట్టిస్తారు. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదల్ని చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ చెక్కకు అంటిపెట్టి ఉంచుతుంది. ఈ మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కనిపెట్టింది సొంటి కామేశం. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. ఆయన పని చిన్నదేం కాదు. వానలో నానే చెక్క దశాబ్దాలు నిలిచిందంటే అన్ని చెట్లు మిగిలినట్టే.

కానీ ఆ పట్టు పూర్తి పట్టు కాదు. వాన పడ్డప్పుడల్లా ఆర్సెనిక్ కొద్దికొద్దిగా కారి డెక్ కింది మట్టిలో చేరుతుంది. చెక్క పైన కూడా కొంత తేలి ఉంటుంది. పాకే పిల్ల రెయిలింగ్ పట్టుకుని లేస్తుంది, మరుక్షణం ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటుంది. ఆర్సెనిక్ క్యాన్సర్ తెచ్చే పదార్థం. అందుకే తయారీదారులు 2002లో ప్రభుత్వంతో ఒప్పందానికొచ్చి, 2003 చివరికల్లా ఇళ్ల కోసం ఈ చెక్క తయారీ ఆపేశారు.

అప్పటికే కట్టినవి మాత్రం అలాగే ఉన్నాయి. నాకు బాధ కలిగించేది ఇదే. 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మితే, సీసం పెయింట్ సంగతి కొనేవాళ్లకు చెప్పాలని అమెరికా ఫెడరల్ చట్టం ఉంది. డెక్‌లోని ఆర్సెనిక్‌కూ అలాంటి చట్టం రావాలి. కొత్తలో ఆకుపచ్చగా ఉండే ఆ చెక్క ఎండకు బూడిద రంగుకు మారిపోతుంది కాబట్టి కంటితో చూసి పోల్చుకోలేం. టెస్ట్ చేయించాల్సిందే.

డెక్ ఉందని టెన్షన్ పడి పీకేయక్కర్లేదు. ఏడాదికో రెండేళ్లకో చెక్క లోపలికి ఇంకే రకం స్టెయిన్ అనే పూత పూయండి. ప్రెషర్ వాషర్‌తో కడగొద్దు, ఇసుక కాగితంతో రుద్దొద్దు. ఆడుకుని వచ్చిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. ఆ చెక్కలతో గోంగూర మడి మాత్రం కట్టకండి.

నిప్పు సంగతి వేరు. కాల్చితే ఆర్సెనిక్ కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో పేరుకుంటుంది. విస్కాన్సిన్ పల్లెలో ఒక కుటుంబం ఈ చెక్క ముక్కల్ని ఏళ్ల తరబడి చలికాలం పొయ్యిలో వేసింది. జుట్టు ఊడింది, చర్మం మీద దద్దుర్లు లేచాయి, మూర్ఛలొచ్చాయి. కారణం ఈ కర్రేనని 1984లో వైద్య పత్రికలో వచ్చింది. మనమైతే ఇంకో పని కూడా చేస్తాం. మంట చల్లారాక ఆ బూడిదే తీసుకెళ్లి కూర మొక్కల మీద చల్లుతాం.

పాత డెక్ చెక్కలు ఎక్కడ పారేయాలో మీ ఊరి చెత్త విభాగానికి ఫోన్ చేసి అడగండి. భోగికి మామూలు కట్టెలు రెండు మోపులు కొనుక్కుంటే చాలు.